ఇనుముకు స్థానబలిమి

విశాఖ విజ్ఞాన చరిత్ర – పదకొండో భాగం

(గత భాగంలో: పత్తి పూల రంగుల గుట్టు విప్పిన టి. ఆర్. శేషాద్రి వాల్తేరులో పదిహేనేళ్ళకు పైగా పనిచేసి, 1949లో ఢిల్లీ వెళ్ళారు. ఆయన వెళ్ళాక వాల్తేరు రసాయనశాలలో దీపం ఆరలేదు. పువ్వుల నుంచి లోహాలకు వెలుగు మళ్ళింది.)

ద్వారకా నగర్‌లో సాయంత్రం ఆరు దాటిందంటే కోచింగ్ సెంటర్లన్నీ ఒక్కసారే తలుపులు తెరుస్తాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు నుంచి వచ్చే జనం, మేడమెట్లు దిగే పిల్లలు, జిరాక్స్ షాపుల ముందు గుంపులు. పౌరగ్రంథాలయంలోంచి బయటికొచ్చి నేను రోజూ టీ తాగే కొట్టు దగ్గర మొన్న ఒక అమ్మాయి బల్ల మీద రికార్డు పుస్తకం పరుచుకుని, స్కేలు ఆనించి గీతలు కొడుతోంది. ఊరు పలాస దగ్గరట. ఇక్కడ హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతోంది. నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరయిన మనిషినని కొట్టాయన చెప్పినట్టున్నాడు.

"మాస్టారూ, ఒక్క డౌటండి."

తెరిచి ఉన్న పేజీ నాకు కంఠతా వచ్చిన ప్రయోగమే. ఫెర్రస్ ఇనుమును డైక్రోమేట్‌తో కొలవడం. ఇనుము ద్రావణాన్ని పిపెట్‌తో తీసి కోనికల్ ఫ్లాస్కులో వదలాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయాలి. కొంచెం ఫాస్ఫారిక్ ఆమ్లం కూడా పోయాలి. సూచికగా రెండు చుక్కలు డైఫినైలమిన్ వేసి, బ్యూరెట్ నుంచి డైక్రోమేట్ వదులుతూ ఫ్లాస్కు తిప్పుతూ ఉండాలి. ద్రావణం ముందు ఆకుపచ్చబడుతుంది, ఆ పచ్చదనం ముదురుతుంది, ఆఖరి చుక్కకు నీలి ఊదా రంగు విరుచుకుపడుతుంది. అక్కడ ఆపాలి.

"సల్ఫ్యూరిక్ ఉండగా మళ్ళీ ఈ ఫాస్ఫారిక్ ఎందుకండి?"

"ల్యాబులో అడగలేదా అమ్మా?"

"అడిగానండి. రికార్డులో ఉంది కదా, పొయ్యమన్నారు."

ఆ పిల్ల అడిగిన ప్రశ్న చాలా పెద్దది. దాన్ని చివరిదాకా పట్టుకుని వెళ్ళిన మనిషి మేం కూర్చున్న చోటికి కొద్దిపాటి దూరంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే, జీవితమంతా పనిచేశారు. ఆయన చెప్పిన జవాబు ప్రపంచంలోని అణు ప్రయోగశాలల బల్లల మీదికి చేరింది. ఆయన పేరు ఆచార్య జి. గోపాలరావు. ఈ భాగం ఆయనదీ, ఆయన శిష్యులదీ.

ఒక అంకె కథ

ముందు ఆ అమ్మాయికి చెప్పిన జవాబు.

ఇనుము నీటిలో రెండు రూపాల్లో తిరుగుతుంది. ఫెర్రస్ రూపంలో దాని చేతిలో ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ ఉంటుంది. దాన్ని ఇచ్చేస్తే ఫెర్రిక్ అవుతుంది. ఏ లోహం ఎంత సులువుగా ఎలక్ట్రాన్ ఇస్తుందో, ఎంత ఆత్రంగా తీసుకుంటుందో వోల్టుల్లో చెప్పవచ్చు. దాన్నే విద్యుత్ రసాయనంలో పొటెన్షియల్ అంటాం. అంకె ఎంత తక్కువైతే ఇచ్చే గుణం అంత ఎక్కువ. పాఠ్యపుస్తకాల్లో ఫెర్రిక్–ఫెర్రస్ ఇనుము జంటకు ఉండే అంకె 0.77 వోల్టు. డైఫినైలమిన్ రంగు మారే చోటు 0.76. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అందుకని ఇనుము ఇంకా మిగిలి ఉండగానే సూచిక తొందరపడి రంగు మార్చేస్తుంది. లెక్క తప్పుతుంది.

ఫాస్ఫారిక్ ఆమ్లం అక్కడ పనికొస్తుంది. ఫాస్ఫేటు ఫెర్రిక్ ఇనుమును గట్టిగా కౌగిలించుకుంటుంది, ఫెర్రస్‌ను అంతగా పట్టించుకోదు. ఫెర్రిక్‌గా మారితే ఆదరించేవాళ్ళు ఉన్నారు గనక ఫెర్రస్ ఇనుము ఎలక్ట్రాన్‌ను మరింత సులువుగా వదిలేస్తుంది. 0.77 అన్న అంకె కిందికి జారుతుంది. సూచికకూ ఇనుముకూ మధ్య ఎడం ఏర్పడుతుంది. రంగు సరైన చుక్క దగ్గర మారుతుంది.

"అంటే ఇనుము మారలేదు, అది ఉన్న చోటు మారిందన్నమాట" అంది ఆ అమ్మాయి.

మన తెలుగులో దీనికి స్థానబలిమి అనే చక్కటి మాట ఉంది. లోహం బలం లోహంలోనే లేదు, అది నిలబడ్డ ద్రవంలో ఉంది. కొంచెం ఫాస్ఫారిక్ ఆమ్లం ఇంత చేస్తే, ద్రవమంతా ఫాస్ఫారిక్ ఆమ్లమే అయితే ఇనుము ఎంత దూరం వెళ్ళగలదు? గోపాలరావు ప్రయోగశాల వేసుకున్న ప్రశ్న ఇది.

అలహాబాదు ఎండ నుంచి వాల్తేరు గాలికి

గోపాలరావు పరిశోధనకు తొలి బడి అలహాబాదు. అక్కడ గురువు నీల్ రతన్ ధర్. మట్టిలో నత్రజని మార్పుల మీద సూర్యకాంతి ప్రభావం ఎంత అన్నది ధర్ జీవితకాల అన్వేషణ. గురుశిష్యులిద్దరూ కలిసి, కాంతి సమక్షంలో అమ్మోనియా లవణాలు ఆక్సీకరణం చెందే తీరు మీద రాసిన వ్యాసం 1931లో ఒక అంతర్జాతీయ భూసార పత్రికలో వచ్చింది. ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలు మీద మక్కువ ఆయనకు అక్కడే పట్టుబడింది. కడదాకా వదల్లేదు.

ఆయన చేరిన వాల్తేరు అప్పటికి ఎదుగుతున్న మొక్క. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో ఈ సముద్రపు గట్టుకు వచ్చింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విరాళంతో సైన్సు కళాశాల లేచింది, ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. రాధాకృష్ణన్, ఆ తరువాత మళ్ళీ కట్టమంచి రామలింగారెడ్డి ఉపకులపతులుగా, ఇంకా మీసాలు రాని విశ్వవిద్యాలయానికి పెద్ద పెద్ద ఆచార్యులను పిలిపించుకున్నారు.

అంతలో యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. విశ్వవిద్యాలయం తట్టాబుట్టా సర్దుకుని గుంటూరుకు తరలింది. ప్రయోగశాల అంటే ఇల్లు కాదు, తాళం వేసి వెళ్ళి తిరిగొచ్చి దులుపుకుంటే సరిపోదు. తిరిగి వచ్చాక గాజుసామాను దగ్గర నుంచి అన్నీ కొత్తగా కూర్చుకోవాలి. ఖరీదైన పరికరాలు లేని ఆ రోజుల్లో గోపాలరావు ఎంచుకున్న ఆయుధాలు బ్యూరెట్, పిపెట్, పొటెన్షియల్ కొలిచే మీటర్. ఇవి చాలు, ఆలోచన ఉంటే. ఆ సంగతి ఆయన తన పనితోనే చూపించారు.

1950లలో వాల్తేరు నుంచి జర్మనీలోని విశ్లేషణ రసాయన పత్రికకు వరసగా వ్యాసాలు వెళ్ళాయి. వాటిలో ఒక పాయ నాకు ఎంతో ఇష్టం. యురేనియం లవణానికి సేంద్రియ పదార్థం కలిపి కాంతిలో పెడితే, ఆ కాంతి బలంతోనే యురేనియం ఎలక్ట్రాన్లు పుచ్చుకుని కింది రూపానికి దిగుతుంది. దాన్ని తరువాత సోడియం వనడేట్‌తో కొలవవచ్చు. వి. పాండురంగారావు వంటి శిష్యులు ఈ పనిలో ఆయనకు తోడు. అలహాబాదు మట్టిలో గురువు చూపించిన సూర్యుడు వాల్తేరులో యురేనియం కొలతకు పనివాడయ్యాడు.

1962: తలకిందులైన లెక్క

యురేనియాన్ని ఎందుకంత పట్టుగా కొలవాలి? 1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టరు వెలిగింది. దేశం అణుశక్తి వైపు నడక మొదలుపెట్టింది. ఇంధనంలో యురేనియం ఎంత ఉందన్నది కచ్చితంగా తెలియకపోతే ముందుకు అడుగు పడదు. అప్పట్లో వాడుకలో ఉన్న పద్ధతి జోన్స్ గొట్టం. పాదరసం పట్టించిన జింకు ముక్కలు నింపిన గాజు గొట్టంలోంచి ద్రావణాన్ని పోనిస్తే యురేనియం కింది రూపానికి దిగుతుంది. అయితే జింకు మోటు మనిషి. దిగవలసిన మెట్టు దాటించి ఇంకో మెట్టు కిందికి కూడా కొంత యురేనియాన్ని తోసేస్తుంది. మళ్ళీ గాలి ఊది దాన్ని పైకి లాక్కురావాలి. పైగా ఇనుము, వనేడియం, మాలిబ్డినం వంటివి ఏది పక్కన ఉన్నా వాటికీ ఎలక్ట్రాన్లిచ్చి క్షయకరిస్తుంది. లెక్కలో అన్నీ కలిసిపోతాయి. ముందు వాటిని విడదీసి ఆ తరువాతే యురేనియం జోలికి వెళ్ళాలి.

ఇనుముకు ఆ పని అప్పగిస్తే? పాఠ్యపుస్తకం ఒప్పుకోదు. యురేనియం జంట అంకె సుమారు 0.3, ఇనుముది 0.77. కింద ఉన్నది పైనున్నదానికి ఇవ్వాలి. అంటే మామూలు నీటిలో యురేనియమే ఇనుముకు ఎలక్ట్రాన్ ఇస్తుంది. ఇనుము యురేనియానికి ఇవ్వడం అంటే నది కొండ ఎక్కడం.

గోపాలరావు, ఆయనతో కలిసి పనిచేసిన ఎస్. ఆర్. సాగి ఆ నదిని కొండ ఎక్కించలేదు. కొండనే కిందికి దించారు. చిక్కటి ఫాస్ఫారిక్ ఆమ్లంలో, అంటే వంటింట్లో పాకంలా జారే ఆ సీసాలోని ద్రవం దాదాపుగా అలాగే ఉన్నప్పుడు, ఇనుము అంకె 0.4 వోల్టు చేరువకు జారిపోతుంది. అదే ద్రవంలో యురేనియం అంకె పైకి లేస్తుంది. కింది రూపపు యురేనియాన్ని ఫాస్ఫేటు గట్టిగా పట్టుకోవడం ఒక కారణం, ఆమ్లం చిక్కదనం రెండో కారణం. రెండు అంకెలూ ఎదురెదురుగా నడిచి ఒకదాన్నొకటి దాటిపోతాయి. ఇప్పుడు ఇచ్చేది ఇనుము, పుచ్చుకునేది యురేనియం. వేడి చేయనక్కర్లేదు, మామూలు గది ఉష్ణోగ్రత చాలు.

ఈ సంగతి 1962లో 'టలాంటా' పత్రికలో అచ్చయింది. విశ్లేషణ రసాయనానికే అంకితమైన ఆ అంతర్జాతీయ పత్రికకు అప్పటికి నాలుగేళ్ళే. ఫెర్రస్ ఇనుము కొత్త క్షయకరణి అని వాల్తేరు ప్రకటించింది. రసాయనశాస్త్రంలో అతి పాత పదార్థాన్ని కొత్తదని ప్రకటించడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఆ తరువాత ఎల్. ఎస్. ఎ. దీక్షితులు వంటి శిష్యులు ఇదే ద్రవంలో ఇనుము చేయగల పనులను ఒకటొకటిగా విస్తరించుకుంటూ పోయారు. వాల్తేరులో అదొక సంప్రదాయం అయింది.

డూన్‌రే బల్ల మీద

రెండేళ్ళకే, 1964లో, అదే 'టలాంటా'లో బ్రిటన్ అణుశక్తి సంస్థకు చెందిన డేవిస్, గ్రే అనే ఇద్దరు రసాయనికుల వ్యాసం వచ్చింది. స్కాట్లండ్ ఉత్తర కొసన, చలిగాలుల మధ్య ఉన్న డూన్‌రే కేంద్రం వారిది. చిక్కటి ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఇనుము యురేనియానికి ఎలక్ట్రాన్ ఇస్తుందన్న సూత్రం మీదే వాళ్ళు ఒక పూర్తి పద్ధతిని కట్టారు. దాని పేరు నేటికీ డేవిస్–గ్రే పద్ధతి.

బల్ల దగ్గర నిలబడి చూస్తే దాని అందం తెలుస్తుంది. యురేనియం ద్రావణంలో ఫాస్ఫారిక్ ఆమ్లం పోస్తారు. నైట్రైట్ల గోల లేకుండా కొంచెం సల్ఫామిక్ ఆమ్లం వేస్తారు. అవసరానికి మించే ఫెర్రస్ ఇనుము వేస్తారు. యురేనియమంతా కింది రూపానికి దిగిపోతుంది. ఇప్పుడు మిగిలిపోయిన ఇనుమును వదిలించుకోవాలి, యురేనియాన్ని మాత్రం తాకకూడదు. దానికి నైట్రిక్ ఆమ్లం, ఉత్ప్రేరకంగా పిసరంత మాలిబ్డినం. అవి పడగానే ద్రావణం ఒక్కసారి చిక్కటి గోధుమ రంగుకు తిరుగుతుంది. చేయి తిరిగిన మనిషి కూడా అక్కడ ఊపిరి బిగబట్టి చూస్తాడు. కొద్ది సెకన్లలో ఆ రంగు విరిగిపోతుంది. తరువాత రెండు మూడు నిమిషాలు ఆగాలి. తొందర పనికిరాదు.

ఇక నీళ్ళు పోస్తారు. అసలు కథ ఇక్కడ ఉంది. నీళ్ళు పడి ఆమ్లం పలచబడగానే స్థానబలిమి పోతుంది. రెండు అంకెలూ వెనక్కి నడిచి మళ్ళీ ఒకదాన్నొకటి దాటుతాయి. ఇంతసేపూ ఎలక్ట్రాన్లు పుచ్చుకున్న యురేనియం ఇప్పుడు వాటిని అదే ఇనుముకు తిరిగి ఇచ్చేస్తుంది. అప్పు తీరిపోయిన లెక్క. ఎంత యురేనియం ఉందో దానికి సరిగ్గా సరిపడేంత ఫెర్రస్ ఇనుము తయారవుతుంది. దాన్ని డైక్రోమేట్‌తో కొలిస్తే చాలు. ఆ కొలతకు డేవిస్, గ్రే వాడిన సూచిక ఏమిటో తెలుసా? బేరియం డైఫినైలమిన్ సల్ఫొనేట్. పలాస పిల్ల రికార్డులో ఉన్న డైఫినైలమిన్‌కు తోబుట్టువు!

తరువాతి కాలంలో అమెరికాలో న్యూ బ్రన్స్‌విక్ ప్రయోగశాలవాళ్ళు చివరి దశలో కొంచెం వనేడియం కలిపి, రంగుకు బదులు పొటెన్షియల్ మీటరుతో ముగింపు పట్టుకుని, పద్ధతిని ఇంకా పదును పెట్టారు. అంతర్జాతీయ ప్రమాణాల్లో అది చోటు సంపాదించుకుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీల్లోనూ అది పాతుకుపోయింది.

ఈ కచ్చితత్వం ఎందుకంటే, ఒక కర్మాగారం వెయ్యి కిలోల యురేనియం తయారు చేసిందనుకోండి. కొలతలో నూటికి ఒక వంతు తేడా ఉంటే పది కిలోలు ఎటు పోయాయో తెలియదు. పది కిలోల బియ్యం కాదది. ఇంధనం దారి తప్పి ఆయుధం కాకుండా కాపలా కాసేవాళ్ళకు ఆ తేడా వెయ్యిలో ఒక వంతుకన్నా తగ్గాలి. డేవిస్–గ్రే కుటుంబపు పద్ధతులు ఆ మేరకు నిలబడ్డాయి. లోకశాంతికి కాపలా కాసే పరికరాల్లో ఒక బ్యూరెట్ కూడా ఉంది. అందులో జారే చుక్క వెనక వాల్తేరు తర్కం ఉంది. ఈ మాట మన పిల్లలకు మనం చెప్పలేదు. పద్ధతికి వేరేవారి పేరు స్థిరపడింది, పునాది వేసినవారి పేరు పాత సంచికల్లో ఉండిపోయింది. డేవిస్, గ్రేలు చేసిన పని తక్కువదేమీ కాదు. నేను కోరేది ఒక్కటే. ఇల్లు చూపించేటప్పుడు పునాది కూడా చూపించాలి.

మన ఊరి ఇనుము, మన ఊరి ఆమ్లం

ఈ కథకు విశాఖకన్నా తగిన ఊరు లేదనిపిస్తుంది నాకు. 1960లలో గోపాలరావు శిష్యులు ఫ్లాస్కుల్లో ఇనుమును పరీక్షిస్తున్న కాలంలోనే, తూర్పు కనుమల సొరంగాల గుండా కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పడింది. బైలదిల్లా కొండల ఖనిజం జపానుకు ఓడలెక్కడానికి మన రేవుకు రావడం మొదలైంది. ఖనిజం ధర అందులో ఇనుము శాతాన్ని బట్టి ఉంటుంది. ఆ శాతం తేల్చే పాత, నమ్మకమైన పద్ధతి డైక్రోమేట్ టైట్రేషనే. అందులోనూ ఫాస్ఫారిక్ ఆమ్లం పోస్తారు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది కూడా ఈ ఇనుము కోసమే. 1967లో ఇక్కడి కోరమాండల్ ఎరువుల కర్మాగారం మొదలైంది. దాని ముఖ్య సరుకుల్లో ఒకటి ఫాస్ఫారిక్ ఆమ్లం. దానికి ముడిసరుకైన ఫాస్ఫేటు రాతిలో యురేనియం సహజంగానే లేశమాత్రంగా ఉంటుంది. ఇనుము, ఫాస్ఫారిక్ ఆమ్లం, యురేనియం. గోపాలరావు ఫ్లాస్కులో కలిసిన ముగ్గురూ ఈ ఊరి చుట్టూ తిరుగుతున్నవాళ్ళే.

1971లో హైదరాబాదులో అణు ఇంధన సముదాయం ఏర్పడింది. 2012లో కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం పని మొదలైంది. తెలుగు నేలకు యురేనియం ఇప్పుడు దూరపు చుట్టం కాదు. దాని మంచిచెడ్డల మీద వాదాలు ఉన్నాయి, ఉండాలి కూడా. ఏ వాదానికైనా మొదట కావలసింది నిజాయితీ గల కొలత.

ఉప్పే ద్రవమైతే

గోపాలరావు అడిగిన ప్రశ్న ఆయనతో ఆగలేదు. ద్రవం మారితే లోహం గుణం మారుతుందంటే, అసలు నీరే లేని ద్రవంలో ఏమవుతుంది? 1914లో పాల్ వాల్డెన్ అనే రసాయనికుడు ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ అనే లవణం 12 డిగ్రీలకే కరుగుతుందని రాశారు. అంటే విశాఖ చలికాలంలో కూడా అది నీళ్ళలాగే ఉంటుంది. అయినా అందులో నీరు ఉండదు, ఉన్నవన్నీ అయాన్లే. లోకం ఆ మాటను చాలాకాలం పట్టించుకోలేదు. 1992లో విల్క్స్, జవొరొట్కో గాలికీ తడికీ చెడని అయానిక ద్రవాలు చేసి చూపాక అందరి చూపూ అటు మళ్ళింది. ఇవి సులువుగా ఆవిరి కావు, కరెంటును మోస్తాయి, నీళ్ళు విడిపోయే వోల్టేజీల దగ్గర కూడా చాలావరకు చెక్కుచెదరవు.

ఇదే తూర్పు తీరంలో దక్షిణానికి పోతే కల్పాక్కం. అక్కడి ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో గిరిధర్, వెంకటేశన్, శ్రీనివాసన్, వాసుదేవరావుల బృందం ఈ శతాబ్దపు తొలి దశకంలో అయానిక ద్రవాల్లో యురేనియం విద్యుత్ రసాయనాన్ని పరిశీలించింది. బ్యుటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్ అనే ద్రవ లవణంలో యురేనియాన్ని కరిగించి, కరెంటు పంపి, ఎలక్ట్రోడు మీద యురేనియం డయాక్సైడు పేరుకునే తీరు చూసింది. ఆ పరిశోధకులు చదివిన గ్రాఫులకూ వాల్తేరు మీటరు ముల్లుకూ మధ్య దాదాపు అర్ధ శతాబ్దం ఉంది. ప్రశ్న మాత్రం ఒకటే. ఈ లోహం ఈ ద్రవంలో ఏ అంకె దగ్గర లొంగుతుంది?

ఫాస్ఫారిక్ ఆమ్లం పద్ధతికి ఒక కష్టం ఉంది. కొలత అయ్యాక మిగిలే ఫాస్ఫేటు వ్యర్థంలోంచి విలువైన లోహాలను తిరిగి రాబట్టడం తలనొప్పి. లోహాన్ని పట్టుకున్న ఆ కౌగిలే తరువాత విడిపించలేని ముడి అవుతుంది. అందుకని ఆమ్లం వాడకాన్ని తగ్గించే దారులను అణు ప్రయోగశాలలు వెతుకుతూనే ఉన్నాయి. గోపాలరావు పాఠం అక్కడ కూడా వర్తిస్తుంది. కొత్త లోహం కోసం వెతకనక్కర్లేదు, తగిన ద్రవం కోసం వెతకాలి.

ఫాస్ఫారిక్ పోసే చోట

ఇదంతా ఆ సాయంత్రం పూర్తిగా చెప్పలేకపోయాను. రెండో టీ చల్లారింది, హాస్టల్ గేటు వేసే వేళయింది. ఆమె వెళ్ళే ముందు రికార్డులో ఫాస్ఫారిక్ ఆమ్లం అన్న మాట పక్కన పెన్సిలుతో ఏదో రాసుకుంది. తలవంచి చూశాను. 'ఇనుముకు బలం ఇవ్వడానికి' అని ఉంది.

పరీక్షలో ఆ జవాబుకు మార్కులు వేస్తారో లేదో చెప్పలేను. గోపాలరావు గారు దిద్దితే మాత్రం పక్కన ఇంకో ప్రశ్న రాసేవారనుకుంటాను: ఎంత పోస్తే ఎంత బలం, కొలిచి చూడు.

(వచ్చే భాగంలో: బైలదిల్లా ఖనిజం మన రేవుకు చేరిన దారి)